దొరికిన రాయి

గేటు కాడ పది రూపాయల టికెట్టు.
మణికట్టు మీద ఊదారంగు ముద్ర.
"బయటికి పోయి మళ్లా రావచ్చు" అన్నడు పిలగాడు.
మా మేనత్త ఓదెమ్మ
ఆ ముద్రను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

ఇనుప కంచె అవతల మానేరు
మోకాలు కూడా తడవనంత సన్నగా పోతున్నది.
ఇవతల గడ్డికి పైపుతో నీళ్లు పడుతున్నరు.
సిమెంటు జింక, సిమెంటు కొంగ,
దాని పక్కనే నిజం కొంగ.
ఏది ముందు కదుల్తదో అని
ఇద్దరు పిల్లలు చాక్లెట్ పందెం కాసి కూర్చున్నరు.

అత్త అవేవీ చూడలేదు.
నడుము మీద చెయ్యేసుకుని
పోయిన రేవును అడుగులతో కొలుస్తూ నడిచింది.
"గీడ బాన పొయ్యి.
గీడ గాడిదెను కట్టేస్తుండె మీ తాత.
గా పిలగాండ్లు ఊగే జాగల మా చెలిమె,
రోహిణి కార్తెల గూడ ఎండకపోవు."
ఊయల కింద ఇప్పుడు ఎర్ర రబ్బరు చాప.

పార్కు నడుమ నాలుగు మెట్ల గద్దె,
చుట్టూ ఇత్తడి గొలుసు,
రాత్రికి వెలిగేందుకు మూలకో దీపం.
గద్దె మీద, నా రొమ్ముదాకా వచ్చే నల్లరాయి.
రాయిలో ఒకడు కత్తి ఎత్తి నిలబడ్డడు,
కాళ్ల దగ్గర మేకంత గుర్రం,
పైన సూర్యుడు, చంద్రుడు,
చెరో రెక్క పట్టి ఎత్తుకుపోతున్న ఇద్దరు ఆడోళ్లు.

బోర్డు నేనే చదివి వినిపించిన.
వీరగల్లు. కాకతీయుల కాలం.
పోరులో మరణించిన యోధుడు. పేరు తెలియదు.
ఇసుక తవ్వకాలలో దొరికినది.

అత్త చాలాసేపు పలకలేదు.
"దొరికిందా?" అన్నది చివరికి.
"పోయినదైతే గద దొరికేది."

గొలుసు కింది నుంచి వంగి వెనక్కి పోయింది.
వెనక దీపం లేదు, బోర్డు లేదు.
రాయి వీపు పళ్లెం లెక్క లోతు పడి
ఏ ఉలీ చెయ్యలేనంత నున్నగా ఉన్నది.
ఊరి బట్టలన్నీ అక్కడే దెబ్బలు తిన్నయి.
దొరసాని పట్టుచీర, బాలింత మైలగుడ్డ,
పటేలు ధోతి, సచ్చినోళ్ల దుప్పటి.
ఇస్, ఇస్ అని ఊపిరి విడుస్తూ
ముత్తవ్వ, అవ్వ, అత్త
కొట్టి కొట్టి చేసిన గుంట.
అందులో అరచెయ్యి పెట్టి
జ్వరం చూసినట్టు చూసింది.

ముందుకొచ్చి, నలభై ఏండ్ల తర్వాత
మొదటిసారి వాని ముఖం చూసింది.
ఇసుకల బోర్లా పండుకున్నందుకేమో
ముక్కు అరగలేదు, పెదవి పగలలేదు.
"అయ్యో, మీసం గూడ రాని పోరడు!
నాకేమెరుక బిడ్డా
కింద నువ్వున్నవని."

అత్తకు అక్షరం రాదు.
నూటనలభై ఇండ్ల నల్లజీడి గుర్తులు వచ్చు.
చుక్క, అడ్డగీత, కాకికాలు, రెండు చుక్కల నడుమ కొక్కెం.
ఎన్ని మూటలు కలిసినా
ఒకరి అంగీ ఇంకొకరింటికి పోలేదు.
ఇప్పుడు కూడా వంగి, చీర కొస చూసినట్టు,
రాయి కింది మూల వెతుకుతున్నది.
అక్కడొక చిన్న గీత ఉన్నది.
ఉలి జారిందో, ట్రాక్టరు గీరిందో.
"ఎవలింటి పిలగాడో" అని
బొటనవేలితో రెండుసార్లు రాసి చూసింది.

విజిలు మోగింది.
"అమ్మా, ముట్టొద్దు, గొలుసు దాటొద్దు!"
అత్త లేచి కొంగు దులుపుకున్నది,
ఎదురు మాట్లాడలేదు.
పోతూ పోతూ వాని భుజం మీది కాకిరెట్టను మాత్రం
కొంగుతోనే తుడిచింది.

బస్సుల కిటికీ పక్కన కూర్చుని
మణికట్టు నా ముందుకు చాపింది.
"మళ్లా రావచ్చు అన్నడు గద?"
"ఈ ఒక్క రోజేనత్తా."
ఉమ్మి తడి చేసి వేలితో రుద్దింది.
ఊదారంగు అప్పుడే సగం పోయింది.
"గిదేం సిరా రా" అన్నది,
"ఒక్క ఉతుకుకు ఆగదు."